కుడి చెయ్యి పైన పెట్టాలట

నేను దుబాయ్ వెళ్ళి వచ్చానని తెలిసి మా పేట ఆడవాళ్ళు వరసగా వచ్చి బంగారం గురించి అడిగారు. ఎత్తు మేడల గురించి అడిగారు. బంగారం కొట్ల వీధిలో నేను నడిచింది ఒక్కసారే, అదీ బస్సు స్టాపు ఆ పక్కన ఉంది కాబట్టి. మేడలు చూద్దామని తలెత్తితే మెడ పట్టేసింది. నేను అక్కడ నిజంగా చూసి వచ్చింది ఒక చైనా ముసలమ్మ ఇల్లు. ఆవిడకు మర్యాద చెయ్యడం నేర్చుకోవడానికి నేనూ మా చెల్లెలూ పడ్డ పాట్లు. అడిగిన ప్రతి మనిషికీ మొదట్నించీ చెప్పలేక ఇలా కాగితం మీద పెడుతున్నాను. రాయడం నాకు మా అమ్మ వంటింట్లో నేర్పిందే కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

ఎండు రొయ్యల సంచి

రెండువేల ఏడు చలికాలం. అక్కడ చలికాలమంటే మనకు వర్షాకాలం వెళ్ళాక ఉండే పొద్దుల్లాంటిది, శాలువా అక్కర్లేదు. విమానాశ్రయంలో నా సంచి దగ్గరికి వచ్చేసరికి ఒక అధికారి ఆపాడు. చెల్లెలు ఎండు రొయ్యలు తెమ్మంది. మూడు కవర్లలో చుట్టినా వాసన ఆగలేదు.

"క్యా హై?" అన్నాడు.

"రొయ్యలు బాబూ, ఎండువి" అన్నాను తెలుగులోనే.

ఆయన సంచి మీదికి వంగి, వంగినంత వేగంగా వెనక్కి జరిగి, "యల్లా, యల్లా" అని చేతితో పొమ్మన్నాడు. ఏ ఆఫీసులోనూ నన్ను అంత తొందరగా ఎవరూ వదల్లేదు. దేవుడికి స్తోత్రం చెప్పుకుని బయటపడ్డాను.

మా చెల్లెలు ఎస్తేరు అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల పైన ఒక ఫ్లాటులో ఇద్దరు మలయాళీ నర్సులతో కలిసి ఉంటుంది. మనిషికో మంచం, మంచం చుట్టూ ఒక తెర. ఆ తెర లోపలే దాని పెట్టె, బైబిలు, మా నాన్న ఫోటో. కిందికి దిగితే సింధీ కొట్లు, గుజరాతీ స్వీట్లు, పఠాన్ల రొట్టెల పొయ్యి. ఒక్క దిర్హాముకి పళ్ళెమంత రొట్టె వేడివేడిగా చేతిలో పెడతారు. మన ఊళ్ళో ఆ డబ్బుకి అంత అన్నం దొరుకుతుందేమో గాని అంత నవ్వుతూ పెట్టరు.

ఆ సాయంత్రం రొయ్యల వేపుడు చేశాను. మలయాళీ పిల్లలు గిన్నె తుడుచుకు తిన్నారు. మా చెల్లెలు మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏంటే, తిండి మానేశావా? ఇంత దూరం దేనికి మోసుకొచ్చాననుకున్నావు?"

"డ్యూటీకి రావద్దన్నారక్కా" అంది.

ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను.

సంగతి ఇది. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక చైనా ముసలమ్మని ఎస్తేరు చాలా రాత్రులు కనిపెట్టుకుని చూసింది. ఆవిడ ఇంటికి వెళ్ళే రోజున, ప్రేమకొద్దీ, నేను ఇదివరకు పంపిన లేసు రుమాలు ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది. తెల్లని నూలు, చుట్టూ ద్రాక్షగుత్తుల అల్లిక. మా నరసాపురం వైపు ఇంతకంటే మంచి కానుక మాకు తెలీదు. ఆవిడ దాన్ని చూసి పాముని పట్టుకున్నట్టు వదిలేసిందట. చైనా వాళ్ళకి తెలుపు చావు రంగట. పాతిపెట్టడానికి వచ్చిన వాళ్ళకి కన్నీళ్ళు తుడుచుకోమని రుమాలు ఇస్తారట. ఆసుపత్రి మంచం దిగుతున్న ముసలమ్మకి మా చెల్లెలు అదే ఇచ్చింది.

"వెంటనే తప్పయిపోయిందని చెప్పావా లేదా?"

"రెండు చేతులూ జోడించి, తల వంచి మరీ చెప్పానక్కా. దాంతో ఇంకా మండిపోయింది. వాళ్ళు చేతులు అలా జోడించి నిలబడేది గుళ్ళోనట, లేకపోతే చచ్చిపోయిన పెద్దల ఫోటోల ముందరట. కొడుకు చిందులేశాడు. మా అమ్మ చావు కోరుకుంటున్నావా అని కాగితం రాసిచ్చాడు. మేట్రన్ మంచిదే, కానీ ఏం చేస్తుంది? వాళ్ళంతట వాళ్ళు ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సరే, లేకపోతే ఈ నెలాఖరుకి కాంట్రాక్టు ఖలాస్ అంది."

ఖలాస్ అనే మాట అక్కడ అందరి నోటా వస్తుంది. టీ అయిపోయినా ఖలాస్, బతుకు తెరువు అయిపోయినా ఖలాస్.

అల్లింది నేను. జోడించడం నేర్పింది మా అమ్మ. ఇందులో ఒక్కటైనా చెడ్డ ఉద్దేశం లేదు. ఆ సంగతి ఆ ముసలమ్మకి ఎవరు చెప్పాలి?

శుక్రవారం వచ్చిన ఆదివారం

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మన వాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే. ఇది అలవాటు కావడానికి నాకు కష్టమైంది. ఒకే ఆవరణలో గంటకో భాష. తమిళం వాళ్ళు బయటికి వస్తుంటే తలుపు దగ్గర తెలుగు వాళ్ళం, మా వెనక ఫిలిప్పీన్స్ వాళ్ళు. ముందు వాళ్ళ పాట పూర్తికాకుండానే మన పాట మొదలవుతుంది. దేవుడికి గందరగోళం ఉండదు కాబోలు అనుకున్నాను.

మా చెల్లెలు గొంతు విప్పలేదు. పాటల పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ నిలబడింది. నేను దాని తరఫున కూడా పాడాను.

బయటికి వచ్చాక ఒక చెట్టు నీడన నిలబడి లింగయ్యకి ఫోన్ చేశాం. లింగయ్యది జగిత్యాల దగ్గర పల్లె. సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటాడు. ఒకసారి గాజు పెట్టె మీద పడి అరచెయ్యి చీరుకుంటే మా చెల్లెలే కుట్లు వేయించి కట్టు కట్టింది. అప్పట్నుంచి సిస్టరమ్మా అంటాడు. ఊరి చివర ఉన్న చైనా బజారులో సామాను మోసే పని. అతని యజమాని, అక్కడి మాటలో ముదీర్, చైనా వాడే.

"ఆ ముసలమ్మ ఇంటికి పోవాలి లింగయ్యా. ఎలా నిలబడాలో, ఏం పట్టుకెళ్ళాలో చెప్పు" అంది ఎస్తేరు.

"ఫికర్ జెయ్యకు సిస్టరమ్మా. రేపు కొట్టు కాడికి రండ్రి. మా ముదీర్ దినాం జేసే మర్యాదలన్నీ నేను సూసిన. గా మర్యాదలు సూసుడే నా పని, మూటలు మోసుడు మధ్యలో జేస్త" అన్నాడు.

దీపాల కొట్లో పాఠం

ఆ బజారు డ్రాగన్ ఆకారంలో కట్టారట. పై నుంచి చూసే పక్షికి తెలియాలి గాని, లోపల నడిచే మనకి అది అంతులేని నడవ. ఒక చోట అన్నీ తాళాలే, ఒక చోట అన్నీ ప్లాస్టిక్ పువ్వులే, ఒక చోట కుర్చీలు ఆకాశం దాకా. దువ్వెన కొన్నా చిల్లర రెండు చేతులతో ఇస్తారు. ఒకాయన మా చెల్లెలికి తన పేరు కార్డు ఇచ్చాడు, దాన్ని కూడా రెండు చేతుల వేళ్ళతో అంచులు పట్టుకుని. చెల్లెలు దాన్ని చూడకుండానే సంచిలో పడేసింది. ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత లింగయ్య చెప్పాడు, కార్డు తీసుకుని కాసేపు చదవాలట, చదవలేకపోయినా సరే.

మనకి ఎడం చెయ్యి పనికిరాదు. చిన్నప్పుడు ఎడం చేత్తో ఏది అందించినా మా అమ్మ మొట్టేది. అరబ్బులదీ అదే లెక్క. వీళ్ళకి రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి ఖాళీగా ఉందంటే మనసులో సగం ఎక్కడో ఉందని అర్థమేమో.

లింగయ్య పనిచేసేది దీపాల కొట్టు. పైనంతా వేలాడే గాజు గుత్తులు. వాటి కింద నిలబెట్టి మాకు పాఠం మొదలుపెట్టాడు.

"పొంగనే కూసోవద్దు. ముసలామె కూసున్నంక మీరు కూసోండ్రి. ఎర్ర కాగితంల పండ్లు పట్కపోండ్రి. వద్దు వద్దు అంటది. గది మర్యాద. మల్లొక్కసారి ఇయ్యాలె. తీస్కున్నంక మన ముందల ఇప్పి సూడది. మనసుకు పట్టిచ్చుకోకుండ్రి."

"మనలాగే అన్నమాట" అన్నాను. మనవాళ్ళూ తినమంటే వద్దంటారు, మూడోసారికి ఆకు ముందు కూర్చుంటారు.

"ఆఁ. ఇగ పిలుపు. మనకు నువ్వు, మీరు లెవ్వా? గట్లనే గాళ్ళకు ని అంటే నువ్వు, నిన్ అంటే మీరు. హిందీల ఆప్ లెక్క. ముసలామెను నైనై అనాలె. నానమ్మ అన్నట్టు."

"దణ్ణం?" అంది ఎస్తేరు. అసలు భయం దానిదే.

"దణ్ణం గిట్ల." లింగయ్య కుడి చెయ్యి పిడికిలి బిగించి, ఎడం అరచెయ్యి దాని మీద మూసి, గుండెల ముందు పెట్టి రెండుసార్లు ఊపాడు. "పెద్ద పెద్ద సేట్లు వస్తే మా ముదీర్ గిదే కొడ్తడు."

మా చెల్లెలు అలాగే చేసింది. పక్కన అట్టపెట్టెలు కడుతున్న పఠాన్ కుర్రాళ్ళు ఈల వేశారు.

"యుద్ధానికి పోతున్నట్టుందే" అన్నాను.

"అక్కా, నువ్వు నవ్వకు. నాకిక్కడ ప్రాణం పోతోంది."

నవ్వు మింగి, నేను కూడా పిడికిలి బిగించాను.

రెండో అంతస్తులో టీ

ఆ బజారు దగ్గరలోనే చైనా వాళ్ళు ఎక్కువగా ఉండే కొత్త ఇళ్ళు. చుట్టూ ఇసుక, మధ్యలో ఒకే రకం భవనాలు. ఎర్ర కాగితంలో నారింజలూ యాపిల్సూ చుట్టించి, తలుపు ముందు నిలబడి మనసులో ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, మాట తప్పు పోతే పోనీ, మనసు తప్పు పోకుండా చూడు.

తలుపు తీసింది కోడలు, మే అనే అమ్మాయి. ఇంగ్లీషు వచ్చు. ముసలమ్మ మాట ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పేది, దాన్ని ఎస్తేరు నాకు తెలుగులో చెప్పేది. నా మాట అదే దారిలో వెనక్కి వెళ్ళేది. ఇందులో ఏ మాట దారిలో ఎంత అరిగిందో నాకు తెలియదు.

ముసలమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న మనిషి, తెల్లని జుట్టు బిగించి దువ్వుకుంది. మమ్మల్ని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

పళ్ళు రెండు చేతులతో ఇచ్చాం. కోడలు వద్దంది. మళ్ళీ ఇచ్చాం. మళ్ళీ వద్దంది. మూడోసారి తీసుకుని విప్పకుండా పక్కన పెట్టింది. ఇంతవరకు లింగయ్య పాఠం బాగానే నడిచింది.

తర్వాత మా చెల్లెలు ముందుకు వెళ్ళి, "నైనై" అని, పిడికిలి బిగించి, ఎడం చెయ్యి పైన మూసి, గట్టిగా రెండుసార్లు ఊపింది.

ముసలమ్మ ఇటు తిరిగింది. దాని చేతులు చూసింది. దాని మొహం చూసింది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది, ఇది కూడా ఏదో చావు దణ్ణమే అనుకున్నాను.

ముసలమ్మ భుజాలు కదిలాయి. తర్వాత గొంతులోంచి ఒక కీచు శబ్దం వచ్చింది. ఆవిడ నవ్వుతోంది. ఆపరేషన్ కుట్లున్న చోట చెయ్యి పెట్టుకుని, నొప్పి నొప్పి అంటూనే నవ్వుతోంది.

"ఏమంటోంది?" అన్నాను.

ఎస్తేరు ఏడుపో నవ్వో తెలీని గొంతుతో చెప్పింది. "నాతో కుస్తీ పట్టడానికి వచ్చిందా ఈ పిల్ల, దీనికి ఈ దణ్ణం నేర్పిన మగాడెవడు అంటోందక్కా. ఇది మగవాళ్ళు పెట్టేదట."

ముసలమ్మ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. మా చెల్లెలి రెండు చేతులూ విడదీసి, ఎడం పిడికిలి బిగించి, కుడి చెయ్యి పైన పెట్టింది. ఆడవాళ్ళకి కుడి చెయ్యి పైన ఉండాలట. ఊపకూడదట, కొంచెం కిందికి దించాలట, అంతే. నా వైపు తిరిగి, "నువ్వు కూడా" అన్నట్టు గడ్డం ఎగరేసింది. నేనూ పెట్టాను. నా బొటనవేలు లోపలికి పోయిందని వేలు పట్టి బయటికి లాగింది.

అప్పుడు కూర్చోమంది. నవ్వింది కదా అని నేను తేలికపడ్డాను గాని, కూర్చున్నాక ఆవిడ మొహం మళ్ళీ గట్టిపడింది. రుమాలు నేను అల్లిందని ఎస్తేరు ఆ రోజే చెప్పిందేమో, నన్నే అడిగింది.

"ఆ తెల్ల గుడ్డ నీ పనేనా?"

"నాదేనండి. నేనే అల్లాను."

"ఎందుకు తెలుపు?"

ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాను. మా సంఘంలో పెళ్ళికూతురు కట్టుకునేది తెల్ల చీర. పిల్లకి బాప్తిస్మం ఇచ్చేనాటి టోపీ తెలుపే. ప్రభువు బల్ల మీద పరిచేది తెలుపే, అది కూడా మా పేట ఆడవాళ్ళు అల్లిందే. మంచం దిగి ఇంటికి వెళ్ళే మనిషికి తెలుపు ఇవ్వడమంటే కొత్తగా మొదలుపెట్టు తల్లీ అని. మీకు అది దుఃఖమని మాకు తెలియలేదు. మా ఊళ్ళోనే హిందువుల ఇళ్ళలో తెల్ల చీర ముండమోసిన వాళ్ళదంటారు, ఆ మాట గుర్తుండి కూడా మాకు తట్టలేదు.

ఆవిడ నా చెయ్యి అడిగింది. చాపాను. లేసు సూది ఆనే చోట నా చూపుడువేలు మీద చర్మం గట్టిగా ఉంటుంది. దాన్ని బొటనవేలితో రుద్ది చూసింది. తన కుడి చెయ్యి తిప్పి చూపించింది. అక్కడా అలాంటి గట్టి చర్మమే. పెళ్ళైన కొత్తలో ఇంట్లో అందరికీ గుడ్డ చెప్పుల అట్టలు కుట్టేదట, దళసరి దారంతో.

మే టీ తెచ్చింది. ఇక్కడ నేను చేసిన పొరపాటు లింగయ్య మీదికి నెట్టలేను, అతను దీని సంగతి చెప్పలేదు. పాలు లేని, చక్కెర లేని ఆకు టీ, చిన్న గిన్నెల్లో. పెట్టింది మిగల్చకూడదని మనకి తెలుసు కదా. తాగేశాను. వెంటనే నింపింది. తాగేశాను. మళ్ళీ నింపింది. ఖాళీ గిన్నె అంటే ఇంకా కావాలనట. మర్యాద కోసం నేను తాగుతున్నాను, మర్యాద కోసం మే పోస్తోంది. ఎస్తేరు తన గిన్నె సగంలో ఆపి దిక్కులు చూస్తోంది. కాసేపటికి సిగ్గు విడిచి బాత్రూమ్ ఎక్కడని అడగాల్సి వచ్చింది.

నేను తిరిగి వచ్చేసరికి కొడుకు వచ్చి కూర్చున్నాడు. లావుపాటి మనిషి, మమ్మల్ని చూసి నవ్వలేదు. తల్లి స్వయంగా అతని గిన్నెలో టీ పోసింది. అతను బల్ల మీద రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది. అంత జబ్బుపడి లేచిన తల్లిని తొందరపెడతాడా? నా మొహం చూసి మే నవ్వింది. అది తొందర కాదట. వేళ్ళు వంచి కొట్టడం మోకరించి కృతజ్ఞత చెప్పడమట. మోకాళ్ళ బదులు వేళ్ళు. నోట్లో ఏదైనా ఉన్నా చెప్పొచ్చు. మనసులోనే ఆ మనిషికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తర్వాత నా గిన్నె నిండినప్పుడల్లా నేను కూడా వేళ్ళు మోకరింపజేశాను.

ఆ కొడుకు ఇంగ్లీషులోనే మా చెల్లెలితో అన్నాడు, "మా అమ్మ నవ్వి ఉండొచ్చు. ఆ రోజు ఇంటికొచ్చి వారం రోజులు అన్నం ముట్టలేదు. నువ్వు నర్సువి. రోగి మనసు తెలుసుకోవద్దా?"

మా చెల్లెలు "దుయ్ బు చీ" అంది. క్షమించండని వాళ్ళ మాట. దారంతా అదే వల్లెవేసుకుంటూ వచ్చింది పాపం.

ముసలమ్మ గిన్నె కింద పెట్టి, కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడింది. గొంతు పెంచలేదు. అతను లేచి నిలబడి విన్నాడు. అంత పెద్ద వ్యాపారస్తుడు, బడిలో పిల్లాడిలా చేతులు పక్కన పెట్టుకుని. మే మాకు చెప్పింది.

"రాత్రిళ్ళు నాకు వాంతులైతే గిన్నె పట్టుకుంది ఈ పిల్ల. నువ్వు కాదు. నా కాళ్ళు చల్లబడితే చేతులతో రుద్దింది. మన మర్యాద తెలియని పిల్ల అది, అమర్యాద తెలిసిన పిల్ల కాదు."

తర్వాత ఎస్తేరు వైపు తిరిగి "శిన్ కూ లె" అంది. మీరు చాలా కష్టపడ్డారు అని అర్థమట. పని చేసిన మనిషికి వాళ్ళు థాంక్స్ కంటే ముందు ఈ మాట అంటారట, ఆ మనిషి పడ్డ శ్రమ తమకు కనబడిందని తెలియడానికి. మన భాషలో ఇంత చిన్న మాట లేదు. ఆసుపత్రిలో ఇన్నేళ్ళు చేసినా తనతో ఎవరూ అలా అనలేదని మా చెల్లెలు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం తల వంచుకుని ఏడ్చింది.

"ఏంటే, మర్యాద" అని మోచేత్తో పొడిచాను. ముసలమ్మ నన్ను వారించింది. ఏడవనిమ్మంది.

కొడుకు మా ముందే ఫోన్ తీసి ఆసుపత్రికి చేశాడు. "ఆచారం తెలియక జరిగింది. మా కుటుంబానికి ఫిర్యాదు లేదు. ఈ నర్సునే మా అమ్మ మళ్ళీ అడుగుతుంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా చెల్లెలు అతన్ని పొగిడింది. అతను చెయ్యి అడ్డంగా ఊపి "నాలి, నాలి" అన్నాడు. ఎక్కడ, ఎక్కడ అని. పొగిడితే ఎవరిని ఎక్కడ పొగుడుతున్నారో కనబడనట్టు వెతకాలట. మనం "ఏదో లెండి" అన్నట్టు.

బస్సు స్టాపు దాకా

వెళ్ళొస్తామని లేచాం. ముసలమ్మ తలుపు దాకా వచ్చింది. వద్దంటే లిఫ్టు దాకా వచ్చింది. వద్దు వద్దంటే కింద వీధి దాకా వచ్చింది, కోడలి చెయ్యి పట్టుకుని. మన గుమ్మం దగ్గరి కబుర్లు వాళ్ళకి బస్సు స్టాపు దగ్గర ఉంటాయి. అతిథి కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరగకూడదట. బస్సు రాదు. ఆవిడ వెళ్ళదు. ఆవిడ నిలబడి ఉండగా మేము కూర్చోకూడదు. చివరికి నలుగురం ఆ బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాం. ఈసారి అల్లితే ఎర్ర నూలుతో అల్లమని నాకు సైగలతో చెప్పింది.

బస్సు వచ్చింది. "మాన్ జౌ" అంది ఆవిడ. మెల్లగా నడవండి అని. బస్సు ఎక్కే వాళ్ళకి ఆ మాటేంటని నేనూ చెల్లెలూ కిటికీలోంచి నవ్వాం. మా బస్సు కనుమరుగయ్యేదాకా ఆవిడ అలాగే నిలబడి ఉంది.

ఎడారి దాటి ఊళ్ళోకి వస్తుండగా మేట్రన్ ఫోన్ వచ్చింది. ఎస్తేరు "ఎస్ సిస్టర్, ఎస్ సిస్టర్" అని మాత్రమే అంది.

"ఏమంది?"

"రేపు పొద్దున డ్యూటీ, ఆడవాళ్ళ వార్డు. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టి వార్డుకి వెళ్ళమంది."

"స్తోత్రం ప్రభువా" అన్నాను. బస్సులో అందరూ చూశారు. చూడనీ.

అది నా భుజం మీద తల పెట్టింది. ఇంకో మాట అడిగేలోపు నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు మా ఇంటి చాప మీద పడుకున్నట్టే. నేను వచ్చినప్పట్నుంచీ రాత్రంతా తెర అవతల దాని మంచం కిర్రుమంటూనే ఉండేది. అది కళ్ళు మూసుకోవడం నేను చూడటం ఇదే.

బర్ దుబాయ్‌లో మా స్టాపు వచ్చింది. బట్టల కొట్ల దీపాలు కనబడ్డాయి. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, దిగరా అన్నట్టు, "అమ్మాజీ, ఉతర్‌నా నహీ?" అన్నాడు. నేను నిద్రపోతున్న దాన్ని చూపించి, వద్దని చెయ్యి ఊపాను. బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోనిచ్చాను.